ధర్మకార్యం కోసం కలిసి కత్తి చేయాలనుకునే వారికి

మీ ప్రశ్న సారాంశం ఇది. తీరిక వేళల్లో కత్తులు తయారుచేసే ఆరుగురు మిత్రులు కలిసి ఒక కత్తి చేయాలనుకుంటున్నారు. ఒకరు అలుగును సాగగొడతారు, ఒకరు సానపడతారు, మరొకరు పిడి బిగిస్తారు, ఇంకొకరు తోలు ఒర కుడతారు. దాన్ని అమ్మగా వచ్చిన సొమ్మును పిల్లల కేన్సర్ చికిత్సకు సాయపడే ఒక సంస్థకు ఇవ్వాలని సంకల్పం. ఏ ఉక్కు వాడాలి, లక్కీ డ్రా పెట్టాలా వేలం వేయాలా, ఖర్చులు ఎలా లెక్కగట్టాలి, అందరి పేర్లూ అలుగు మీద చెక్కవచ్చా అని అడిగారు. మూడు నెలల గడువు పెట్టుకున్నామని కూడా రాశారు.

మీ సంకల్పం గొప్పది, పని కూడా సాధ్యమైనదే. ఇలాంటి ఉమ్మడి కత్తులు కొన్నింటిలో నేనూ చేయి కలిపాను, మరికొన్నింటిని దగ్గర నుంచి చూశాను. వాటిలో చెడినవేవీ పనితనం చాలక చెడలేదు. అలుగు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారే చోట, సొమ్ము ఒకరి ఖాతా నుంచి మరొకరి ఖాతాకు మారే చోట చెడ్డాయి. అందుకే మీరు అడిగిన వరుసలో కాకుండా, ముందు సొమ్ము సంగతి చెప్పి ఆ తర్వాత ఉక్కు దగ్గరకు వస్తాను.

కొలిమి వెలిగించక ముందే ఆ సంస్థకు ఉత్తరం రాయండి. మీరు ఏం చేయబోతున్నారో, ఎలా అమ్మబోతున్నారో, వారి పేరు ఎక్కడెక్కడ కనిపిస్తుందో వివరించి, వారికి సమ్మతమేనా అని అడగండి. కత్తి అనగానే మనకు వంటిల్లు, తోట, అడవి దారి గుర్తొస్తాయి. అందరికీ అలా కాదు, కొందరికి గాయం గుర్తొస్తుంది. హింసకు గురైన వారితో పనిచేసే సంస్థలు, పిల్లలతో పనిచేసే సంస్థలు తమ పేరు పక్కన కత్తి బొమ్మ ఉండడాన్ని ఇష్టపడకపోవచ్చు. వారు వద్దంటే నొచ్చుకోనక్కర్లేదు, మరో సంస్థను చూసుకోవచ్చు. అలుగు తయారై, ప్రకటన వెళ్లిపోయి, కొనేవారు ముందుకు వచ్చాక ‘మా పేరు తీసేయండి’ అని సంస్థ అడిగితే మాత్రం అందరికీ ఇబ్బంది. సంస్థ చిహ్నాన్ని ప్రకటనల్లో వాడుకోవడానికి అనుమతి వేరుగా తీసుకోండి. పేరు వాడుకోమన్నవారు చిహ్నం కూడా వాడుకోమన్నట్టు కాదు.

ఇక సొమ్ము. నా అభిప్రాయం దృఢమైనది: కత్తి కొన్నవారి డబ్బు మీలో ఎవరి చేతికీ రాకూడదు. కొన్నవారు నేరుగా సంస్థ ఖాతాకే చెల్లించాలి, సంస్థ ఇచ్చిన రసీదును మీకు చూపాలి, అప్పుడు మీరు కత్తి పంపాలి. ఈ పద్ధతిలో లెక్క చెప్పవలసిన బరువు మీ మీద ఉండదు. మీలో ఎవరి నిజాయితీని శంకించి ఈ మాట అనడం లేదు. మంచి మనుషుల మధ్య కూడా డబ్బు ఒక ఖాతాలో నెలరోజులు ఆగితే ప్రశ్నలు పుడతాయి. ఆ ఖాతాదారు ఊరెళ్లినా, జబ్బుపడినా, బ్యాంకు ఏదో కారణంగా లావాదేవీ ఆపినా సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. కొన్నవారు స్వయంగా చెల్లిస్తే రసీదు వారి పేరు మీదే వస్తుంది, పన్ను లెక్కల్లో వారికేమైనా వెసులుబాటు ఉంటే అది వారికే దక్కుతుంది.

సాయం సంస్థకు కాకుండా ఒక కుటుంబానికి అయినప్పుడు మరికొంత జాగ్రత్త కావాలి. కత్తులు చేసేవారిలో ఒకరు జబ్బుపడితే తోటివారు ఇలా చేయి కలపడం తరచూ జరిగేదే. అప్పుడు వీలైతే సొమ్ము నేరుగా ఆసుపత్రి బిల్లుకు వెళ్లేలా చూడండి. రోగి పేరు, ఫొటో, వైద్య పత్రాలు బయట పెట్టేముందు కుటుంబాన్ని అడగండి. జాలి పుట్టించడానికి ఆసుపత్రి మంచం ఫొటో పెట్టడాన్ని నేను ఎన్నడూ సమర్థించను. మీ పనితనం చూసి కొనేవారు, సాయం చేయాలని కొనేవారు ఆ ఫొటో లేకపోయినా కొంటారు.

లక్కీ డ్రానా, వేలమా? వేలమే. టికెట్లు అమ్మి డ్రా తీయడం చాలా దేశాల్లో జూదం చట్టాల కిందికి వస్తుంది. కొన్నిచోట్ల నమోదైన సేవాసంస్థలకు మాత్రమే, అదీ ముందస్తు అనుమతితోనే వీలవుతుంది. టికెట్లు కొన్నవారు వేర్వేరు ప్రాంతాల్లో ఉంటే చిక్కు ఇంకా పెరుగుతుంది. పన్ను విషయంలోనూ తేడా ఉంది. ఉదాహరణకు అమెరికాలో డ్రా టికెట్టుకు పెట్టిన సొమ్మును మినహాయింపు లభించే విరాళంగా పరిగణించరు. సేవాసంస్థ వేలంలో వస్తువు కొంటే, ఆ వస్తువు బజారు విలువకు మించి చెల్లించిన భాగాన్ని విరాళంగా చూపుకోవచ్చు. వీటికి మించి నాకు కనిపించే తేడా మరొకటి ఉంది. డ్రాలో కత్తి ఎవరికి దక్కుతుందో తెలియదు. కత్తి మీద ఆసక్తే లేనివారికి, చిన్నపిల్లలున్న ఇంట్లో దాన్ని ఎక్కడ దాచాలో తెలియనివారికి దక్కవచ్చు. ఒక్కోసారి టికెట్టు కొన్నది మైనరే కావచ్చు. వేలంలో పాడినవారికి తాము ఏం కొంటున్నామో తెలుసు.

వేలం నియమాలను మొదటి ప్రకటనలోనే రాసేయండి. మొదలయ్యే ధర, ఒక్కో పాటకు కనీసం ఎంత పెంచాలి, ముగిసే తేదీ, సమయం, ఏ ప్రాంతపు గడియారం ప్రకారం, పంపే ఖర్చు ఎవరిది, ఏయే దేశాలకు పంపగలరు, ఇవన్నీ అందులో ఉండాలి. చివరి 10 నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు మరో 10 నిమిషాలు పెరుగుతుందని ఒక నియమం పెట్టండి. చివరి క్షణంలో దూరి తన్నుకుపోయే అలవాటుకు అది అడ్డుకట్ట వేస్తుంది, ధర కూడా పెరుగుతుంది. గెలిచినవారు మూడు రోజుల్లో చెల్లించకపోతే రెండో స్థానంలో ఉన్నవారికి అవకాశం వెళుతుందని కూడా రాయండి. మొదలయ్యే ధరను మరీ పెద్దగా పెట్టవద్దు. ఇద్దరు ముగ్గురు పోటీపడితేనే వేలం సాగుతుంది. మొదటి అంకె చూసి అందరూ వెనక్కి తగ్గితే ఆ మౌనమే తర్వాతివారినీ ఆపుతుంది.

ఖర్చుల సంగతిలో రెండే మార్గాలు. ఉక్కు, పిడి సామాను, తోలు, సానపట్టే బెల్టులు, గ్యాసు, పార్శిలు ఖర్చులు మీరే భరించి మొత్తం సొమ్మును సంస్థకు వదిలేయడం మొదటిది. ఖర్చులు తీసుకోవాలనుకుంటే ఎంత తీసుకుంటున్నారో అంకెతో సహా ముందే ప్రకటించడం రెండోది. నేను మొదటిదే చేయమంటాను. ఆరుగురు పంచుకుంటే ఒక కత్తి సామాను ఎవరికీ భారం కాదు. రెండో మార్గం కూడా తప్పు కాదు. ‘వచ్చినదంతా సంస్థకే’ అని చెప్పి తర్వాత లోపల ఖర్చులు సర్దుకోవడం మాత్రం పనికిరాదు.

ఇప్పుడు కత్తి. సేవాకార్యం కోసం అనగానే చాలామంది తమ జీవితంలోకెల్లా పెద్ద కత్తి చేయాలనుకుంటారు. మడతల ఉక్కు, చెక్కిన పిడి, అర మూర పొడవు, రెండువైపులా వాదర! దయచేసి అలా చేయవద్దు. అలాంటిది అలవాటు లేని చేతులకు సరిగా కుదరదు. కొన్నచోట చట్టం అడ్డుపడవచ్చు, కొన్నాక గోడకే పరిమితమవుతుంది. రోజూ చేతిలోకి తీసుకునే కత్తి చేయండి. 150 నుంచి 165 మిల్లీమీటర్ల అలుగున్న చిన్న వంటింటి కత్తి గానీ, 90 నుంచి 100 మిల్లీమీటర్ల అలుగుతో వెన్ను మొన వైపు మెల్లగా వాలే ఆరుబయటి కత్తి గానీ సరిపోతుంది. రెండోదాన్ని డ్రాప్ పాయింట్ అంటారు. అమెరికన్ కత్తుల తయారీదారు బాబ్ లవ్‌లెస్ ప్రాచుర్యంలోకి తెచ్చిన వేటకత్తుల ఆకృతి అదే. అలంకారం లేకపోయినా చూపు ఆగే రూపం అది. చిన్న కత్తిలో లోపాలు దాగవు, అందుకే అందులో పనితనం కూడా బాగా కనిపిస్తుంది.

ఉక్కు విషయంలో మీ ఆరుగురి దగ్గరున్న సరంజామా చూసి నిర్ణయించండి. గ్యాసు కొలిమి మాత్రమే ఉంటే 1084 రకం ఉక్కు వాడండి. అందులో కార్బన్ దాదాపు 0.84 శాతం. సరైన వేడికి రాగానే ఆ కార్బన్ త్వరగా కరిగి సర్దుకుంటుంది, కాబట్టి అలుగును ఆ వేడిలో ఎక్కువసేపు నిలకడగా ఉంచవలసిన పని లేదు. దాదాపు 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. ఆ గుర్తు దాటి ఇంకొంచెం, అంటే 815 డిగ్రీల చుట్టుపక్కలకు తెచ్చి, 50 డిగ్రీల వరకు వెచ్చచేసిన కనోలా నూనెలో ముంచితే గట్టిపడుతుంది. 1095 పేరు వినడానికి బాగున్నా దాన్ని ఒక్క సెకను కూడా వృథా కాకుండా చల్లార్చాలి, అందుకు తగిన వేగవంతమైన నూనె కావాలి. ఓ1 ఉక్కును నిర్ణీత వేడిలో 10 నుంచి 15 నిమిషాలు, ఇంకా ఎక్కువ కూడా, నిలకడగా ఉంచాలి. విద్యుత్ కొలిమి లేకుండా దాని జోలికి వెళ్లవద్దు.

అయితే మీరు కొనేవారి గురించి కూడా ఆలోచించాలి. సేవాకార్యపు వేలంలో పాడేవారిలో చాలామంది కత్తుల సేకరణ చేసేవారు కాదు. పని అయ్యాక కత్తిని తడిగానే వదిలేసే ఇళ్లు ఎక్కువ. 1084 ఒక్క రాత్రిలో తుప్పు మచ్చలు పడుతుంది. అందుకే వంటింటి కత్తి అయితే ఏఈబీ-ఎల్ వంటి స్టెయిన్‌లెస్ ఉక్కు మేలని నా అభిప్రాయం. ముఖక్షవరం బ్లేడ్ల కోసం రూపొందిన ఉక్కు అది. అందులో 13 శాతం వరకు క్రోమియం, 0.67 శాతం వరకు కార్బన్ ఉంటాయి. సన్నటి వాదరకు చక్కగా నిలుస్తుంది. దాన్ని 1,050 డిగ్రీలు దాటించాలి, గాలి తగలకుండా స్టెయిన్‌లెస్ రేకులో చుట్టాలి, తీశాక రెండు అల్యూమినియం పలకల మధ్య నొక్కి చల్లార్చాలి. ఇంట్లో వీలుకాకపోతే డబ్బు తీసుకుని ఈ పని చేసిపెట్టేవారు ఉంటారు, వారికి పంపండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. మీలో ఒకరు అలుగును సాగగొట్టి తీరాలని ముచ్చటపడితే 1084 తీసుకుని ఆరుబయటి కత్తి చేయండి. దాంతో పాటు తుడిచి నూనె రాయమని చెప్పే చిన్న కాగితం జతచేయండి.

ఇక అసలు చిక్కు, చేతులు మారడం. మీ ప్రణాళికలో ఒకరు సాగగొట్టి పంపుతారు, రెండోవారు సానపడతారు, మూడోవారు గట్టిపరుస్తారు, నాలుగోవారు పిడి వేస్తారు. కాగితం మీద చక్కగా కనిపించే ఈ వరుసలో ప్రతి మలుపులోనూ ఒక ప్రమాదం ఉంది.

మొదటిది రంధ్రాలు. పిడి పిన్నుల కోసం ఉక్కుకు రంధ్రాలు వేయవలసింది గట్టిపరచక ముందే. గట్టిపడిన అలుగుకు మామూలు డ్రిల్లు బిట్టు దిగదు. అంటే వరుసలో చివరన ఉండే పిడి చేసేవారు అందరికంటే ముందు మాట్లాడాలి. ఏ మందం పిన్నులు, ఎక్కడెక్కడ, ఎన్ని, తోలు ఒరకు పిడి ఎంత లోపలికి దిగాలి, ఇవన్నీ మొదటి రోజునే తేలాలి. అందుకు అసలు సైజులో గీసిన ఒక బొమ్మ కావాలి, దాని నకలు ఆరుగురి దగ్గరా ఉండాలి. ఆ బొమ్మను మార్చే అధికారం ఒక్కరికే ఉండాలి.

రెండోది మందం. గట్టిపరిచే ముందు వాదరను కాగితంలా పల్చన చేసి పంపితే వేడిలో వంకర తిరుగుతుంది, నూనెలో బీట వేస్తుంది. పైపొరలో కార్బన్ కాలిపోయి మెత్తబడిన భాగాన్ని తర్వాత తీసేయడానికి కూడా చోటు మిగలదు. కొలిమిలో చేసే 1084కు వాదర దగ్గర మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర మందం ఉంచండి. పల్చన చేయడం గట్టిపడ్డాకే. ఆ దశలో ఉత్త చేతులతో పట్టుకుని, వేలికి వేడి తగిలిన ప్రతిసారీ నీళ్లలో ముంచుతూ సానపట్టాలి. వాదర మీద నీలి రంగు కనిపించిందంటే అక్కడ వేడి 300 డిగ్రీల వరకు వెళ్లిందని, ఆ మేరకు 1084 మెత్తబడిందని అర్థం. దాన్ని పాలిష్‌తో కప్పవద్దు. మెత్తబడిన భాగం మొత్తం పోయేదాకా అరగదీయాలి, లేదంటే ఆ అలుగును పక్కన పెట్టాలి.

మూడోది అన్నింటికన్నా ముఖ్యమైనది. నూనెలో ముంచి తీసిన అలుగు అద్దంలా పెళుసుగా ఉంటుంది, నేల మీద పడితే రెండుగా విరగవచ్చు. దాన్ని వెంటనే, అదే రోజు, 200 డిగ్రీల దగ్గర రెండేసి గంటల చొప్పున రెండుసార్లు కాల్చి మధ్యలో చల్లార్చాలి. టెంపరింగ్ అనేది ఇదే. కాబట్టి గట్టిపరచడం ఒకరు, టెంపరింగ్ ఇంకొకరు అని ఎన్నడూ విడదీయవద్దు. ఆ రెండూ ఒకే మనిషి ఒకే పూటలో ముగించాలి. సాగగొట్టిన అలుగైతే అంతకు ముందు మూడుసార్లు, ప్రతిసారీ వేడి కొంచెం తగ్గిస్తూ, కాల్చి గాలిలో చల్లారనిచ్చి ఉక్కు లోపలి రేణువులను సన్నబరచడం కూడా ఆ మనిషి బాధ్యతే. మీ ఆరుగురిలో ఈ పనిలో చెయ్యి తిరిగినవారు ఎవరో మొహమాటం లేకుండా తేల్చుకోండి. స్నేహం కొద్దీ వంతులు వేసుకోవడానికి ఇది చోటు కాదు. ఇంట్లోని ఓవెన్‌లో టెంపరింగ్ చేస్తే దాని మీటను నమ్మవద్దు. లోపల వేరే థర్మామీటరు పెట్టి చూడండి, 20 డిగ్రీల తేడా మామూలే.

అందుకని నేను ఒకటికి రెండు అలుగులు మొదలుపెట్టమంటాను. ఒకే ఉక్కు పట్టీ నుంచి కోసి, ఒకే రోజు, ఒకే పద్ధతిలో గట్టిపరచండి. ఒకటి అమ్మడానికి, ఒకటి విరగ్గొట్టడానికి. అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ అని 1976లో బిల్ మొరాన్ పూనికతో ఏర్పడిన సంస్థ ఉంది. అందులో జర్నీమన్ అనే నడిమి హోదా కోరేవారి కత్తికి ఒక పరీక్ష పెడతారు. వేలాడదీసిన అంగుళం మందపు తాడును ఒకే వేటుకు తెగనరకాలి. తర్వాత రెండంగుళాలకు నాలుగంగుళాల కొలతల కట్టెను రెండుసార్లు నరకాలి. అప్పటికీ అదే వాదరతో చేతి మీది వెంట్రుకలు గీయగలగాలి. చివరికి అలుగును వైస్ పట్టులో బిగించి 90 డిగ్రీలు వంచితే విరగకూడదు. పరీక్షకు ఇచ్చిన కత్తి అక్కడితో ముగిసిపోతుంది. ఒక కత్తి పోగొట్టుకుంటే గానీ తన చేతిలో ఏముందో తెలియదని ఆ పని చేసేవారు ఒప్పుకున్నారు, నాకు ఆ పరీక్షలో నచ్చేది అదే.

మీ చిన్న కత్తికి అంత కఠిన పరీక్ష అక్కర్లేదు, 90 డిగ్రీల వంపు అసలే వద్దు. ఆ వంపు కోసం అలుగు వెన్నును ప్రత్యేకంగా మెత్తగా ఉంచుతారు. మీ రెండో అలుగుకు వాదర పెట్టి, ఇత్తడి కడ్డీ మీద ఏటవాలుగా నొక్కి జరపండి. వాదర కొద్దిగా వంగి తిరిగి యథాస్థితికి వస్తే సరిగ్గా ఉంది. వంగి అలాగే ఉండిపోతే మెత్తన, పెచ్చులూడితే పెళుసు. పెళుసుగా ఉంటే టెంపరింగ్ వేడి 10, 15 డిగ్రీలు పెంచి మళ్లీ చూడవచ్చు. తర్వాత కట్టె మీద, తాడు మీద వాడి చూసి, చివరికి పట్టులో బిగించి, కళ్లకు అద్దాలు, ముఖానికి కవచం పెట్టుకుని, పైన గుడ్డ కప్పి విరగ్గొట్టండి. విరిగిన చోట బూడిద రంగులో నున్నగా, సన్నగా కనిపిస్తే నిశ్చింతగా ముందుకు వెళ్లవచ్చు. పంచదార పలుకుల్లా మెరిస్తే ఉక్కు అతిగా వేడెక్కిందన్నమాట. అప్పుడు అమ్మబోయే అలుగు కూడా అలాగే ఉందని భావించి మళ్లీ మొదటినుంచి కాల్చి సరిచేయాలి. ఆ విరిగిన ముక్క ఫొటోను వేలం ప్రకటనలో పెట్టండి. ఎన్ని విశేషణాలు రాసినా రాని నమ్మకం ఆ ఒక్క ఫొటోతో వస్తుంది.

పిడి గురించి. అరుదైన కలప, దంతం వంటివాటి జోలికి పోవద్దు. డాల్బెర్జియా జాతి రోజ్‌వుడ్‌లు 2017 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందమైన సైటీస్ రెండో అనుబంధంలో ఉన్నాయి, బ్రెజిల్ రోజ్‌వుడ్ అంతకు చాలాముందే మొదటి అనుబంధంలో చేరింది. ఒక చిన్న పిడి ముక్క వల్ల మీ పార్శిలు సరిహద్దులో ఆగిపోతే, అప్పటికే సంస్థకు డబ్బు కట్టినవారికి మీరు ఏం చెబుతారు? గుడ్డ పొరలను రెసిన్‌తో నొక్కి చేసిన మైకార్టా గానీ, రెసిన్ ఇంకించి స్థిరపరిచిన మామూలు కలప గానీ వాడండి. ఇవి తడికి ఉబ్బవు, ఎండకు బీటలు వారవు. అతికించే ముందు ఉక్కును 60 నంబరు గరుకు కాగితంతో గీరి, ఎసిటోన్‌తో తుడిచి, ఇక వేలు తగలనివ్వకండి. నిదానంగా గట్టిపడే ఎపాక్సీ వాడి, క్లాంపులను మరీ బిగించకుండా వదిలేయండి. బలంగా నొక్కితే జిగురంతా బయటికి వచ్చేసి లోపల ఏమీ మిగలదు. పిడి లోపలి ఉక్కుకు అదనంగా కొన్ని రంధ్రాలు వేస్తే జిగురు ఇటునుంచి అటు పట్టు పెనవేసుకుంటుంది. పిడి పలకల ముందు అంచులను మాత్రం అతికించక ముందే నునుపు చేసుకోవాలి. తర్వాత చేస్తే అలుగు మీద గీతలు పడతాయి.

ఒరకు మొక్కల కషాయంతో పదునుచేసిన తోలు వాడాలి. క్రోమ్ లవణాలతో పదునుచేసిన తోలు ఉక్కుకు తుప్పు పట్టిస్తుంది. వంటింటి కత్తికి తోలు కన్నా చెక్క తొడుగు నయం.

ఇందులో అనుభవం ఉన్నవారే నిర్లక్ష్యం చేసే విషయం ఊపిరి. కలప ధూళి మనుషుల్లో కేన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధన విభాగం నిర్ధారించింది. కేన్సర్ పిల్లల కోసం చేసే పనిలో మీ ఊపిరితిత్తులను పణంగా పెట్టవద్దు. మెత్తటి గుడ్డ మాస్కు చాలదు, పీ100 వడపోత ఉన్న ముసుగు వేసుకోండి. మైకార్టా ధూళి కూడా హానికరమే. తిరిగే యంత్రాల దగ్గర వదులైన చేతి తొడుగులు వద్దు. పాలిష్ చక్రం చూడటానికి మెత్తగా ఉంటుంది గానీ కత్తి అంచును పట్టేసి మీ మీదికే విసిరేస్తుంది. ఈ పనిలో నాకు భయం కలిగించే యంత్రం అదొక్కటే. పిడి వేసే సమయానికి వాదర పెట్టి ఉండకూడదు, పెట్టి ఉంటే టేపు చుట్టాలి. అసలు పదును అన్ని పనులూ అయ్యాక చివరన పెట్టండి. వంటింటి కత్తికి ఒక్కో వైపు 15 డిగ్రీలు, ఆరుబయటి కత్తికి 20 డిగ్రీలు. కొలిమిని గది తలుపులు తెరిచి ఉన్న చోటే పెట్టాలి, లేదంటే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. నూనె అంటుకుంటే ఇనుప మూతతో కప్పాలి, నీళ్లు పోయకూడదు.

ఒకరి నుంచి ఒకరికి పంపేటప్పుడు మొన గుచ్చుకోకుండా గట్టి అట్టముక్కల మధ్య బిగించి, నూనె రాసిన కాగితం చుట్టి, బీమా చేసి పంపండి. అందుకున్నవారు అదే రోజు ఫొటో తీసి, మందం కొలిచి అందరికీ తెలియజేయాలి. ఈ చిన్న అలవాటుతో ‘నా దగ్గరికి వచ్చేసరికే ఇలా ఉంది’ అనే మాట పుట్టదు. దారిలో తీసిన ఫొటోలు తర్వాత వేలం ప్రకటనకు కూడా పనికొస్తాయి.

కొన్నవారికి పంపే ముందు అక్కడి చట్టం చూసుకోండి. ఇంగ్లండ్, వేల్స్‌లో 18 ఏళ్ల లోపువారికి కత్తి అమ్మడం నేరం, వంటింటి కత్తి కూడా అందులో వస్తుంది. అలుగు పొడవు మీద, రెండువైపులా పదునున్న బాకుల మీద, మీట నొక్కితే తెరుచుకునే కత్తుల మీద దేశానికో నియమం ఉంది. కొన్ని కొరియర్ సంస్థలు, కొన్ని చెల్లింపు వేదికలు కత్తులను అసలే ఒప్పుకోవు. చట్టం ఎలా ఉన్నా పెద్దవారికి మాత్రమే అమ్ముతామని నియమం పెట్టుకోండి, వయసు నిర్ధారించుకోండి.

అందరి పేర్లు అలుగు మీద చెక్కాలా అన్నారు. వద్దు. ఆరు ముద్రలు పడితే చిన్న అలుగు మీద చోటు మిగలదు, వాడుతుంటే కంటికి అడ్డుపడతాయి. గట్టిపరచక ముందే ఒకే చిన్న ఉమ్మడి గుర్తు కొట్టండి. ఎవరు ఏ పని చేశారు, ఏ ఉక్కు, ఎంత వేడి, ఎప్పుడు పూర్తయింది, మరమ్మతు కావాలంటే ఎవరికి రాయాలి అని ఒక మంచి కాగితం మీద రాసి, ఆరుగురూ సంతకాలు చేసి కత్తితో పాటు ఇవ్వండి. మరమ్మతు సంగతి తప్పకుండా రాయండి. పిడి వదులైతే, వాదర పెచ్చులూడితే సరిచేసి ఇస్తామనే హామీ సేవాకార్యపు కత్తికి కూడా ఉండాలి. సాయం కోసమే కొన్నాను కదా అని వారు అడగకపోవచ్చు. అడగరని తెలిసి నాసిరకం అంటగట్టడం అన్యాయం. అందుకే చివర్లో కత్తిని పరిశీలించి ‘ఇది అమ్మకానికి పనికిరాదు’ అని చెప్పగల అధికారం ఒకరికి ముందే ఇవ్వండి. ఆ మాట వస్తే మిగిలిన ఐదుగురూ వాదించకూడదు.

మూడు నెలలు సరిపోతాయి, కానీ వేలం తేదీని ఇప్పుడే ప్రకటించవద్దు. కత్తి పూర్తయి, పరిశీలన ముగిసి, ఫొటోలు తీశాకే ప్రకటన. సంస్థ జవాబుకు, బొమ్మ ఖరారుకు మొదటి నెల పోనివ్వండి. అలుగులకు రెండో నెల, పిడికీ ఒరకూ మూడో నెల. ఏదైనా అలుగు బీట వేస్తే ఇంకో నెల పడుతుంది, దానికి సిద్ధంగా ఉండండి. అసలు సైజు బొమ్మ గీశాక, రంధ్రాల స్థానాలు గుర్తించి నాకు ఒకసారి చూపండి. ఉక్కు కోయక ముందే చూసి చెబుతాను.